మ్యాపుకెక్కిన ఇల్లు

ఆ ఆదివారం ఉదయం లక్ష్మీరాజం గారి ఏర్పాట్లలో లోపమన్నది లేదు. కూతురు నవనీతను చూడటానికి కోహెడ నుంచి ఉప్పలయ్య గారి కుటుంబం సిద్దిపేట వస్తున్నది. పిల్ల నచ్చితే భోజనం చేస్తారు. నచ్చకపోతే చాయ్ తాగి లేస్తారు. ఇంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ చాయ్ దగ్గరే ఆగిపోయాయి. ఈసారి చుట్టాలందరికీ సరిపోయేలా భార్య వనజ బగారా అన్నానికీ మటన్ కూరకూ పెద్ద గిన్నెలే పొయ్యికెక్కించింది.

కొత్త కాలనీలో అతిథులు దారి తప్పకూడదని, లక్ష్మీరాజం గారు తమ ఇంటిని ఫోనులోని మ్యాపులో స్వయంగా నమోదు చేసి ఉంచారు. సర్కారు కొలువులో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన ఆయనకు ఏ గడినీ ఖాళీగా వదిలే అలవాటు లేదు. ఇది ఏ రకమైన స్థలమని ఫోను అడిగింది. జాబితాలో ఆసుపత్రి, లాడ్జి, బట్టల దుకాణం కనిపించాయి గాని ఇల్లు కనిపించలేదు. జరగబోయేది భోజనమే కనుక ఆయన 'భోజనశాల'ను ఎంచుకున్నారు. వంటకాలేమిటని అడిగితే వనజ చేత చెప్పించుకుని రాశారు. ధర ఎంతని అడిగితే ఒక్క క్షణం నొచ్చుకుని, 'ఉచితం' అని రాశారు.

మధ్యాహ్నం గేటు ముందు ఆటో ఆగి, నిండా జనం దిగారు.

"బగారా అయిందా సార్?"

"కోహెడ నుంచేనా?"

"కాదు సార్, కొండపాక."

వరుని తరఫు చుట్టాలై ఉంటారని ఆయన సగౌరవంగా కూర్చోబెట్టారు. వెనకనే కోచింగ్ విద్యార్థులు, వాళ్ల వెనక తాపీ మేస్త్రీలు వచ్చారు. "గీడ ఫ్రీ అంట, జల్ది రారా!" అని ఒకడు ఫోనులో అరిస్తే గాని ఆయనకు విషయం బోధపడలేదు. వెంటనే మ్యాపు నుంచి ఇంటిని తొలగించమని కోరారు. మీ అభ్యర్థన పరిశీలనలో ఉన్నదని ఫోను బదులిచ్చింది. సర్వీసంతా ఆయన ఇతరులకు చెప్పిన వాక్యమే అది.

జనాన్ని లేపబోతే తల్లి చంద్రవ్వ అడ్డుపడింది. "ఇస్తరాకు ముందట కూసున్నోళ్లను లేపుతవారా? ఉన్నకాడికి పెట్టు!"

ఆయన గరిట, నవనీత అన్నం బకెట్ పట్టక తప్పలేదు. వాకిట్లో గోల పెరిగింది. చివరి వరుసలో భార్యతో, కొడుకుతో వచ్చి కూర్చున్న ఒక పెద్దమనిషి రెండోసారి కూర వేయించుకుని కూడా ఊరుకోలేదు.

"అన్నీ బొక్కలే ఏసినవ్ సార్. జెర మెత్తటి ముక్క ఎయ్యి."

"పుక్కట్ల తినుకుంట గిన్ని నఖరాలేంది?" అన్నారు లక్ష్మీరాజం గారు. ఆయన నోట అటువంటి మాట ఆ కాలనీ ఎన్నడూ వినలేదు.

"ఫ్రీ అని పెట్టింది నువ్వే గదనయ్యా!"

ఆ పెద్దమనిషి కొడుకు మాత్రం సిగ్గుపడి లేచి, నవనీత చేతిలోని అన్నం బకెట్ అందుకుని వడ్డించసాగాడు.

గిన్నెలు అడుగంటాయి. తిన్నవారు వెళ్లిపోయారు. పెద్దమనిషి చేయి కడుక్కుని ఎవరికో ఫోను చేశాడు. లక్ష్మీరాజం గారి జేబులో ఫోను మోగింది.

"సార్, మేం కోహెడ ఉప్పలయ్యోళ్లం. ఇందాక జేస్తె ఎత్తకపోతిరి. మీ మ్యాపు మమ్ములను ఏదో మెస్సుకు తోలింది. ఆకలైతుంటె ఇంత తిన్నం. కూర మంచిగున్నది గని, ఓనరే ఉత్త కోపిష్టి. మీ ఇల్లు యాడ సార్?"

"మీ ఎదురుంగనే," అన్నారు లక్ష్మీరాజం గారు, ఫోను చెవి నుంచి తీయకుండానే.

ఉప్పలయ్య ముఖం వెలవెలబోయింది. "అయ్యో, పిల్లను సూడకముందే తింటిమి గదా!"

"తిన్నంక మల్ల సూసుడేంది బిడ్డా?" అంది చంద్రవ్వ. "మా ఇంట్ల మెతుకు ముట్టినవంటె మాట ఇచ్చినట్టే. రెండుసార్లు ఏయించుకున్నవ్, నేను సూడలేదా!"

ఉప్పలయ్య దిక్కుతోచక కొడుకు వైపు తిరిగాడు. "ఏమంటవ్‌రా రాకేష్?"

"నేనైతే సూసిన నాయినా," అన్నాడు రాకేష్. బకెట్ ఇంకా అతని చేతిలోనే ఉంది.

"వీళ్లు రాంగనే నేను గుర్తువట్టిన. ఫోటోల సూసిన గద," అంది నవనీత.

"మరి చెప్పవేందే?" అని వనజ గద్దించింది.

"చెప్తే బకెట్లు ఎవరు మోస్తుండె?"

సంబంధం ఖాయమైంది. ఆ సాయంత్రమే లక్ష్మీరాజం గారికి వియ్యంకుని తొలి లిఖితపూర్వక అభిప్రాయం మ్యాపు ద్వారా అందింది: అయిదు నక్షత్రాలకు మూడు.