తటస్థ శ్రోతకు ఆసరా

నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది మా అత్త పోచవ్వ నోరు పూర్తిగా మూతపడుతుందేమోనని. (ఇలాంటి భయం ఉన్న కోడలు ఆర్మూరు మొత్తంలో నేనొక్కదాన్నేనని తెలుసు. సిగ్గేమీ లేదు.) ఆమె నోటికి జబ్బు రాలేదు. ఉద్యోగం వచ్చింది, అంతే.

మేం బీడీలు చుట్టేవాళ్లం. ఆకు, తంబాకు కంపెనీ ఇస్తుంది. చుట్టిన బీడీలను కంపెనీ తరఫున గుత్తకు పని చేయించే టేకేదారు నారాయణ చూసి, నచ్చనివి తీసి పడేస్తాడు. పడేసినవాటికి కూలి ఉండదు, అవి ఆయన సంచిలోనే పడతాయి. దీన్ని కంపెనీ నాణ్యత అంటుంది. ఎవరి బీడీలు పడేసినా మా అత్త కార్ఖానా గడప మీద నిలబడేది.

"ఓ నారాయణా, సంచి ఇప్పి సూపెట్టు! గవి పాడైనయైతే నువ్వెట్ల తాగుతున్నవురా?"

ఆ ప్రశ్న మార్కెట్టు యార్డులో పసుపు రాశుల దాకా వినబడేది. బీడీలు తిరిగి వచ్చేవి. ఇంత సులువైన పద్ధతిని సంస్కరించక తప్పదని కంపెనీ గుర్తించింది.

తొంభై మూడు ఎండాకాలంలో మా అత్తను 'తటస్థ శ్రోత'గా నియమించారు. అంటే కూలీలు చెప్పినా, టేకేదారు చెప్పినా ఎవరి పక్షమూ పట్టకుండా ఫిర్యాదులు వినే పెద్దమనిషి. కార్ఖానా వెనక ఆకుల గది ఖాళీ చేయించి కుర్చీ వేశారు. శ్రోతలకు మార్గదర్శనం, ఆసరా ఇచ్చే అధికారి దేవిదాస్ సారు హైదరాబాదు నుంచి వచ్చాడు.

"అమ్మా, మీరు ఎవరి తరఫునా మాట్లాడకూడదు."

"మరి ఎవల దిక్కు మాట్లాడాలె సారూ?"

"మాట్లాడకూడదు. వినాలి. విన్నది బయట పెట్టకూడదు. విని ఏమీ చేయకూడదు."

"గింతేనా? గీ పని మా ఇంటి గోడ గూడ జేస్తది."

"గోడకు శిక్షణ ఉండదమ్మా," అన్నాడు సారు ఓపికగా.

శిక్షణ అయింది. తల ఎంత ఊపాలో (ఎక్కువ ఊపితే ఒప్పుకున్నట్టు), నిట్టూర్పు ఎందుకు విడవకూడదో (అది తీర్పు కిందికి వస్తుంది) నేర్పారు. మా వాడకట్టు లింగవ్వ వచ్చి, చుట్టిన వాటిలో సగం పోయాయని ఏడ్చింది. "నీ బాధ నాకు ఇనవడ్డది," అంది అత్త. నారాయణ వచ్చి, లింగవ్వ నోరు మంచిది కాదన్నాడు. "నీ బాధ నాకు ఇనవడ్డది."

"ఏందే పోచక్కా, నోట్లె తంబాకు గిట్ల బుక్కినవా?" అని లింగవ్వ కొంగు దులుపుకుని పోయింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఫిర్యాదులే లేని కార్ఖానా అని కంపెనీ మమ్మల్ని మెచ్చుకుంది.

ఇంట్లోనూ అవే నియమాలు. మా బిడ్డ ఇప్పుడిప్పుడే మాటలు నేరుస్తోంది. నానమ్మ కోళ్లనీ, కరెంటునీ, నన్నూ తిట్టే తిట్లే దానికి బడి. ఇప్పుడు బిడ్డ ఏడిస్తే నానమ్మ కొలతగా తల ఊపుతుంది. కూర మాడితే నా వైపూ పొయ్యి వైపూ సమానంగా చూస్తుంది. తిండి తగ్గింది. ఛాతీ మీద చెయ్యి వేసుకుని కూర్చుంటోంది.

"ఏమైంది అత్తమ్మా?"

"లోపట మస్తు బరువుంది బిడ్డా. చెప్పరాదు."

నేనే ధైర్యం చేసి దేవిదాస్ సారును అడిగాను.

"శ్రోతల మనసు బరువెక్కడం సహజం. దానికి ఆసరా ఏర్పాటు ఉంది. ఆమె తన బాధను ఆ కార్ఖానా శ్రోతకు చెప్పుకోవచ్చు."

"గా శ్రోత మా అత్తనే గద సారూ!"

"అందుకే సులువు. ఎక్కడికీ పోనవసరం లేదు."

నిన్న నారాయణ నా బీడీలు మొత్తం పడేశాడు. (పాలిచ్చే తల్లి మాటిమాటికీ లేస్తుంది గనుక చుట్టు వదులవుతుందని ఆయన సిద్ధాంతం.) అత్త కళ్లు ఎర్రబడ్డాయి. నోరు తెరిచింది. మూసింది. సొంత కోడలి కోసం తెరిస్తే పక్షపాతం. ఈ ఉదయం ఇంకో కుర్చీ అడిగి తీసుకుని, ఆకుల గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. ఒక కుర్చీలో కూర్చుని చెప్పుకోవాలి. లేచి, ఎదుటి కుర్చీలో కూర్చుని వినాలి.

మధ్యాహ్నం బిడ్డను చంకనేసుకుని అన్నం తీసుకుపోయాను. గుమాస్తా భూమేశ్వర్ అడ్డం నిలబడ్డాడు.

"లోపట ఇనుడు నడుస్తున్నది. నువ్వు సొంతమనిషివి చెల్లె, పోరాదు."

"జర నువ్వన్న తలుపు కొట్టే అన్నా."

"నేను కంపెనీ మనిషిని. నేను సుత పోరాదు."

ఇద్దరం తలుపుకు చెవి ఆనించాం. కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది, మాట రాలేదు. ఆ తర్వాత కుర్చీ చప్పుడు కూడా ఆగిపోయింది.

కనుక చదివేవారికి మనవి. మీరు మా బంధువులు కాకుండా, బీడీలు చుట్టకుండా, కంపెనీకి ఏమీ కాకుండా ఉంటే, నిబంధనల ప్రకారం ఆ తలుపు తట్టే అర్హత మీకే ఉంది. బాల్కొండ బస్సులో పోతూ ఆర్మూరులో ఒకసారి దిగి, ఆమె ఎలా ఉందో చూడండి. లోపలి నుంచి తిట్టు వినబడితే కబురు చేయండి, అన్నం వేడి చేస్తాను. ఏమీ వినబడకపోతే తలుపు పగలగొట్టండి గానీ, కంపెనీకి మాత్రం తెలియనివ్వకండి. అంత చక్కగా మౌనం పాటించినందుకు ఆమెను జిల్లా మొత్తానికి శ్రోతను చేస్తారు.