ఏలీయా పండుగనాటి మంచుగుట్ట మహారణం

ఆగస్టు మాసపు రెండవ దినాన, పిడుగుల ప్రవక్త ఏలీయా పండుగనాడు, ప్రచండ మార్తాండుడు బల్గేరియాలోని రొడోపీ పర్వతశిఖరాలను కాలిన పెనాలుగా మార్చగా, పైన్ చెట్లు ఎండకు జిగురు కార్చగా, గోర్నో బుకోవో అనే నూట పది గడపల మహాపురంలో, స్కీ లిఫ్టు షెడ్డు వెనుక నీడపట్టున, మూరెడు మందాన రంపపు పొట్టు కప్పుకొని, గ్రీష్మాన్ని ధిక్కరించి ఒక హిమరాశి నిలిచి ఉంది. దానికై జరిగిన యుద్ధం చెబుతాను. ఆకలైనవాళ్లు ముందు తిని రండి, మధ్యలో ఆపను.

ఆ హిమరాశికి ఏకైక సంరక్షకుడు త్సాంకో: లిఫ్టు మెకానిక్కు, గ్రీజుమరకల కవచధారి, పారపాణి, ఏబది నాలుగేండ్ల ధీరుడు. మార్చిలో వాలు మీద మిగిలిన మంచునంతా తోసి గుట్టపోసి, కలప మిల్లు నుంచి నలభై ట్రాక్టర్ల పొట్టు తెచ్చి కప్పినవాడు అతడే. డిసెంబరులో ఆ పాత మంచునే పిల్లలు స్కీలపై జారే వాలు మీద పరిస్తే, మంచు చిమ్మే యంత్రాలతో పనే ఉండదని అతని శపథం. కిందటి శీతాకాలం ఆ యంత్రరాక్షసులు మా వాగును గుటగుటా తాగివేయగా, ఊరి నడుమ మంచినీళ్లిచ్చే రాతి ధార తొమ్మిది రోజులు ఎండిపోయింది. బిందెలు పట్టుకొని జనం దిగువూరికి నడిచారు.

స్కీ కేంద్రం మేనేజరు వెలికోవ్ మితభాషి, అపనమ్మకానికి ఆలవాలం. అతడు ఒకే ఒక్క షరతు మీద ఒప్పుకొన్నాడు. గుట్ట నెత్తిన పాతిన ఇనుప గడకు వేలికి తగిలేలా గాడి కోసి ఎర్రగీత గీశాడు. ఏలీయా పండుగ సాయంత్రం ఆరు గంటలకు తాను వచ్చేసరికి పొట్టు కింది మంచు ఆ గీతను అందుకొని ఉంటే పంపులకు తాళం వేస్తాననీ, గీత దిగితే వాగులోకి గొట్టం దించుతాననీ ప్రకటించాడు. ఆ ఉదయం త్సాంకో కొలిచి చూశాడు. మంచు గీతకు పైన మూడు వేళ్లుంది. జయం అరచేతిలో ఉన్నట్టే తలచి, పారను షెడ్డులో పెట్టి తాళం వేసి, ప్రార్థనకు వెళ్లిపోయాడు. ఎందుకంటే ఏలీయా నాడు పనిముట్టు ముట్టినవాడి కప్పు మీద ఆ మహానుభావుడు పిడుగు వేస్తాడని మా ఊళ్లో ఉగ్గుపాలు తాగే బిడ్డకు కూడా తెలుసు.

కాని అదే సమయాన, గుడి వెనుక రెండు వందల మందికి మాంసపు పులుసు కాస్తున్న దోంకా, పాకశాలాధినేత్రి, స్వయంగా త్సాంకోకు అత్తగారు, తన ఏడు పుచ్చకాయలు గోరువెచ్చగా ఉన్నాయని గ్రహించింది. అతిథులకు వెచ్చని పుచ్చకాయ పెట్టడం ఆమె వంశంలో లేదు. ఆమె కళ్లు గుట్ట మీద పడ్డాయి. బాట నుంచి నేరుగా గుట్ట నెత్తి మీదికి నడిచిపోవచ్చు. గరిటె పట్టి చేసేది వంటే గాని పని కాదని తీర్పు చెప్పి, పన్నెండుమంది గరిటెధారులతో ఆమె దండెత్తింది. పొట్టు ఇరువైపులా ఎగిరింది. గడ మొదట్లోనే గొయ్యి పడింది. సప్త ఫలాలు అందులో పవళించాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకు త్సాంకో వచ్చాడు. తెల్లని మంచు మండుటెండలో బయటపడి బొట్లుబొట్లుగా కారుతోంది. ప్రళయకాల మేఘగర్జనవంటి కంఠంతో అతడు పలికిన పలుకులివి:

"అత్తా, ఇది ఫ్రిజ్జు కాదు."

"ఫ్రిజ్జు కంటే బాగుంది. కరెంటు కూడా అక్కర్లేదు."

"కిందటి డిసెంబర్లో బిందె పట్టుకొని దిగువూరికి నడిచిందెవరు?"

"నేనే. ఈ మోకాలు ఇంకా తిడుతూనే ఉంది నిన్ను."

"నన్నెందుకు?"

"మరెవర్ని తిట్టాలి, అల్లుడివి నువ్వేగా. ఇంతకీ దానికీ దీనికీ ఏం సంబంధం?"

త్సాంకో సాయంత్రం రాబోయే మేనేజరు సంగతి, గొట్టం సంగతి చెప్పి గడ చూపించాడు. దోంకా వంగి, వేలు ఆనించి కొలిచింది. గీతకు పైన ఒక్క వేలే మిగిలింది. ఆమె మోకాలు తడుముకొంది. తర్వాత పుచ్చకాయలు బయటికి లాగించింది.

అయినా గొయ్యి గొయ్యిగానే ఉంది. పక్కనే పొట్టు కుప్పలు ఉన్నాయి. పార తాకే ధైర్యం పండుగకు వచ్చిన పదమూడు ఊళ్ల వీరుల్లోనూ లేదు. అందరూ జేబుల్లో చేతులు దాచుకొని ఆకాశం వైపు చూశారు. గరిటెలు వాడదామా అంటే, పులుసు దించేశారు కనుక ఇక అది వంట కాదని దోంకాయే తేల్చింది. మంచు కారుతోంది.

"చిందులాడటం పని కాదుగా?" అంది చివరికి.

తోలుతిత్తి వాద్యం వాయించే రూసి ఊపిరి నింపాడు. జనం చేయి చేయి పట్టుకొని గొయ్యి చుట్టూ హోరో వలయనాట్యం కట్టారు. అహో ఆ నృత్యసంగ్రామం! మడమలు ఖడ్గాలై లేచాయి. బూట్లు, చెప్పులు, దోంకా ఊలు మేజోళ్లు, అన్నీ అడుగడుగునా పొట్టును గొయ్యిలోకి తన్నాయి. ధూళి గగనాన్ని కప్పింది. పెళ్లినాడు ఒక్కసారి తప్ప ఆడి ఎరుగని త్సాంకో, కుడికాలో ఎడమకాలో తెలియక, వరుసంతటినీ రెండుసార్లు కూలదోశాడు.

"లోపలికి తన్నవయ్యా, నా మేజోట్లోకి కాదు," అంది అత్తగారు.

నాలుగు గంటలు ఆడారు. రూసి పెదవులు వాచాయి. గొయ్యి పూడింది, పొట్టు మూరెడు మందాన సర్దుకుంది.

ఆరుకు వెలికోవ్ టోపీతో వచ్చాడు. మోకరిల్లి, మోచేతిదాకా చెయ్యి పొట్టులోకి దించి, గడను తడిమి, గీత దగ్గర వేలు నిలిపాడు. చెయ్యి తీసి దులుపుకొని, పొట్టు మీద ఇన్ని అడుగుజాడలేమిటని అడిగాడు.

"పండగండి," అన్నాడు త్సాంకో.

వెలికోవ్ జేబులోంచి పంపుల గది తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

కనుక లోకులారా, దిక్కులు పిక్కటిల్లేలా చాటండి: చతుర్ఘంటా నిరంతర నాట్యంతో, ఒక్క పార కూడా ఎత్తకుండా, ఒక్క పిడుగు కూడా పడకుండా, గోర్నో బుకోవో మహాజనం సాక్షాత్తు సూర్యుణ్ణి ఓడించారు. అర వేలు తేడాతో.