బాతు బొమ్మ మీద విచారణ

ఫ్యాను వెయ్యాలంటే పటం కింద చెయ్యి దూర్చాలి. ఇంత చిన్న సంగతికి మనిషి ప్రాణం అంత విసిగిపోతుందా అని మీరనుకోవచ్చు. ఆ ఇంట్లో స్విచ్చులన్నీ పటం వెనకే ఉన్నాయి. చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, తల పక్కకు వాల్చి, కళ్ళు మూసుకుని, పశువుల డాక్టరు ఆవును పరీక్ష చేసినట్టు వెతుక్కోవాలి. మూడుసార్లకు ఒకసారి ఫ్యాను తిరుగుతుంది. మిగతా రెండుసార్లు వాకిట్లో లైటు వెలుగుతుంది.

పటంలో ఉన్నది బాతు. ఒక్కటే బాతు. తలుపంత బాతు. హాల్లో ఏ మూల కూర్చున్నా అది ఇంటాయన వంకే చూస్తుంది. రెండో కాఫీ తాగేటప్పుడు మరీ చూస్తుంది.

ఇంటాయన కాలేజీ ఆఫీసులో గుమాస్తా. చదువైపోయిన ప్రతి విద్యార్థికీ 'ప్రవర్తన సంతృప్తికరం' అని రాసివ్వడమే ఇరవై రెండేళ్ళుగా ఆయన పని. అందుకే అందరూ ఆయన్ని కాండక్టుగారంటారు. భార్య బళ్ళో లెక్కల టీచరు. ఏటా పరీక్ష పేపర్లు దిద్దుతుంది. పేర్లు చించేసి, నంబర్లు వేసి పంపిన పేపర్లు. రాసినవాడెవడో, ఎలాంటివాడో తెలియకుండా మార్కులు వేసీ వేసీ ఆవిడకు లోకమంతా నంబర్లు వేసిన పేపర్లలాగే కనిపిస్తుంది. ఇలాంటి ఇద్దరికి ముడిపెట్టిన పెద్దల ప్రవర్తన గురించి ఎవరూ విచారించకపోవడం పెద్ద లోటే.

బాతును టీచరమ్మే ఒక ప్రదర్శనలో కొని తెచ్చింది. గీసినాయన పక్కవీధిలో ఉంటాడు.

"నాకు నచ్చలేదే," అన్నాడు కాండక్టుగారు మొదటిరోజే.

"నచ్చకపోవడం మీ ఇష్టం. బాగాలేదని ఎవరన్నారు?"

"నచ్చనిది బాగుంటుందా ఎక్కడైనా?"

"ఎందుకుండదు? కోడి గీకినట్టుండే చేతిరాత నాకు నచ్చదు. లెక్క సరిగ్గా చేస్తే మార్కులు వెయ్యనా?"

ఇక బొమ్మ కదలాలంటే అది బాగాలేదని తేలాలన్నమాట. కాండక్టుగారు తమ కాలేజీ దగ్గర బడిలో పనిచేసే డ్రాయింగు మాస్టార్ని కాఫీకి పిలిచాడు. దారి పొడుగునా బొమ్మ ఎంత దరిద్రంగా ఉంటుందో ముందే నూరిపోశాడు కూడా. మాస్టారు వచ్చి బొమ్మను నిలబడి చూశాడు, కూర్చుని చూశాడు, చివరికి నేల మీద పడుకుని చూశాడు.

"చిన్నప్పుడు నన్నొక బాతు కరిచింది. ఆ జాతంటేనే నాకు పడదు," అన్నాడు లేవకుండానే. "అయినా చెబుతున్నా. ఆ రెక్క కింద నీడ వెయ్యడం ఈ జన్మలో నావల్ల కాదు."

మర్నాడు ఆయన నలభైమంది పిల్లల్ని వరస కట్టించి తీసుకొచ్చాడు. పిల్లలు బాతును చూశారు. కాండక్టుగారు గుమ్మంలో చెప్పులు సర్దాడు.

బొమ్మ నాణ్యం మీద పని జరగలేదు కనక ఆయన తన చెయ్యి తిరిగిన రంగంలోకే దిగాడు. ఆఫీసు నుంచి కొత్త ఫైలొకటి తెచ్చి, పైన చిత్రకారుడి పేరు రాసి, కింద 'నడత' అని రాసి గీత గీశాడు. నాలుగు సాయంత్రాలు పక్కవీధి అంతా తిరిగాడు. చిత్రకారుడు మూడేళ్ళ కిందట ఎవరిదో నిచ్చెన అడిగి తీసుకుని ఇవ్వలేదని తేలింది. ఒక ప్రెషర్ కుక్కర్ విషయంలో అన్నగారితో తొమ్మిదేళ్ళుగా మాటల్లేవని తేలింది. ఇవన్నీ రాసుకున్నాడు గానీ మనసు నిండలేదు. ఐదోనాడు, చిత్రకారుడి కింద వాటాలో ఉండే మామ్మగారు దొరికింది.

"అది నా బాతే నాయనా," అందావిడ. "బొమ్మ గీస్తానని పట్టుకెళ్ళాడు. పదకొండు రోజులు నిలబెట్టాడు. పన్నెండో రోజుకి బొమ్మా అయిపోయింది, బాతూ అయిపోయింది."

"అంటే?"

"అంటే ఏముంది, వండుకున్నాడు."

కాండక్టుగారు ఇంటికి నడవలేదు, పరిగెత్తాడు. సంగతి వినగానే టీచరమ్మ చేతిలో ఎర్రకలం కింద పెట్టింది. బాతు వంక చూసింది. ఇన్నాళ్ళూ అందులో గాంభీర్యం చూసింది ఆవిడ. ఇప్పుడు అది గాంభీర్యం కాదేమో, ఇంకేదో అడుగుతోందేమో అనిపించింది. కుర్చీ ఎక్కి, తనే పటం దింపి, ముఖం గోడవైపు తిప్పి పెట్టింది. ఆవిడ ముఖం చూసి కాండక్టుగారు కొంచెం బాధపడ్డాడు. తర్వాత వెళ్ళి కళ్ళు తెరుచుకునే ఫ్యాను వేశాడు.

"అయితే ఇది పద్ధతి అన్నమాట," అంది ఆవిడ. "రాసివ్వండి."

ఆయన సంతోషంగా రాసిచ్చాడు. 'ప్రవర్తన సంతృప్తికరంగా లేనివారి చేతిపని ఈ ఇంట ఉండరాదు.' కింద సంతకం, తేదీ.

మర్నాడు ఉదయం గడ్డం గీసుకుంటూ తనకిష్టమైన పాత గాయకుడి పాట పెట్టుకుందామని చూస్తే రికార్డులు లేవు. ఆ గాయకుడు పక్కన వాయించేవాణ్ణి హార్మోనియం పెట్టెతో కొట్టాడని అల్మరాలోంచి తీసేశానంది టీచరమ్మ. ఆ సంగతి పెళ్ళయిన కొత్తలో నవ్వుతూ ఆవిడకు చెప్పింది ఆయనే. సాయంత్రానికి పడక్కుర్చీ పెరట్లోకి వెళ్ళింది. దాన్ని చేసిన వడ్రంగికి రెండు ఊళ్ళలో రెండు కాపురాలున్నాయట. కాండక్టుగారు నేల మీద కూర్చుని పేపరు చదువుకున్నాడు. గెలిచినవాడు ఆ మాత్రం ఓర్చుకోవాలి.

ఆదివారం స్నానం చేసి తుండుగుడ్డతో బయటికొస్తే చిలక్కొయ్యకు ఒక్క పాంటూ లేదు. అన్నీ మూటలో ఉన్నాయి.

"దర్జీ వాళ్ళమ్మని ఆరేళ్ళుగా చూడ్డానికైనా వెళ్ళలేదట," అంది టీచరమ్మ. "మీ పద్ధతిలోనే విచారించాను. నలుగుర్ని అడిగాను."

ఆయన మూటలోంచి ఒక పాంటు లాగి జెండాలా పైకెత్తాడు. "వాళ్ళమ్మని చూడకపోవడం తప్పే. వెళ్ళి నిలదీస్తాను. దానికీ ఈ కుట్టుకీ ఏం సంబంధం? లాగి చూడు, తొమ్మిదేళ్ళలో ఒక్క పోగు ఊడలేదు. పనిది పని, మనిషిది మనిషి."

"ఇదీ రాసివ్వండి. బాతును మళ్ళీ తగిలిస్తాను."

"అదెలా కుదురుతుంది? దర్జీ వాళ్ళమ్మ నా పాంటులో లేదుగా. బాతు బొమ్మలోనే ఉంది."

టీచరమ్మ మూట వంకా, గోడవైపు తిరిగున్న పటం వంకా చూసింది. ఆవిడ నిజంగానే ఆలోచనలో పడింది. కాండక్టుగారు పాంటు ఇంకో జానెడు పైకెత్తాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఎవరో, "కదలకండి," అన్నారు.

చిత్రకారుడు. తన గురించి ఒక పెద్దమనిషి ఫైలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాడని విని, తన జీవిత చరిత్ర రాస్తున్నాడేమోనని వెతుక్కుంటూ వచ్చాడు. వచ్చినవాడు ఆ భంగిమ చూసి ఆగలేక, సంచిలోంచి కాగితం తీసి గీసుకోవడం మొదలుపెట్టాడు. కదలకండి అంటే ఎందుకు కదలకుండా నిలబడ్డాడో కాండక్టుగారికి ఈనాటికీ తెలియదు.

"మీరు ఆ బాతును తిన్నారటగా," అని అడిగేసింది టీచరమ్మ.

"తిన్నానండి. ఒక కాలు మామ్మగారికి కూడా పంపించాను. ఉప్పు తక్కువైందన్నారు," అన్నాడాయన తలెత్తకుండా.

వారం తిరక్కుండా కొత్త బొమ్మ తెచ్చిచ్చి వెళ్ళాడు. ఊరికే. అందులో తుండుగుడ్డ కట్టుకున్న ఒక మనిషి, చేతిలో పాంటు, తెరుచుకున్న నోరు, లోకంలో ఎవరి ప్రవర్తనా సంతృప్తికరంగా లేదని అప్పుడే తెలుసుకున్న ముఖం. టీచరమ్మ కూర్చుని నవ్వింది, లేచి నవ్వింది, తర్వాత చాలాసేపు ఊరికే చూసింది.

"బొమ్మ గొప్పది. నాకు నచ్చలేదు," అంది. "మా ఆయన్ని వచ్చినవాళ్ళంతా ఇలా చూడక్కర్లేదు. ఇకనుంచి ఒకటే పద్ధతి. గీసినవాడు ఎలాంటివాడన్నది వేరు, ఎంత బాగా గీశాడన్నది వేరు. మన గోడ మాత్రం మన ఇష్టం. ఇద్దర్లో ఎవరికి నచ్చకపోయినా గోడకెక్కదు. మీకు బాతు వద్దు, నాకు ఇది వద్దు. రెండూ ఇచ్చేద్దాం. ఆ మాటకొస్తే బాతు నాకూ ఎప్పుడూ నచ్చలేదు."

"మరెందుకు కొన్నావే?"

"బాగుంది కాబట్టి."

కాండక్టుగారు బొమ్మలు మొయ్యడానికి లేచాడు. ఆయన కోరుకున్నదీ ఇదే కదా. కానీ కళ్ళు కొత్త బొమ్మ మీదే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళలో ఆయన్ని ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు. అందులో ఆ చెయ్యి ఎత్తిన తీరులో ఏదో ఉంది. పొట్ట కూడా ఉన్నంతే ఉంది, దాచలేదు, అయినా ఏదో ఉంది.

"ఆ బాతును... ఇంకొన్నాళ్ళు ఉండనిద్దామేమో," అన్నాడు గోడతో.

"ఎందుకు?"

"ఆ నీడ... రెక్క కింద..."

ఆయన కళ్ళు ఏ బొమ్మ మీదున్నాయో చూసి కూడా టీచరమ్మ నవ్వలేదు. లోపలికి వెళ్ళి సుత్తీ, రెండు మేకులూ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. రెండు బొమ్మలూ ఆయనే తగిలించాడు.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆయనకు తన బొమ్మ విపరీతంగా నచ్చింది. ఆ మాట పైకి చెప్పలేడు. గీసినవాడి మీద ఫైలు పెట్టినవాడాయె. టీచరమ్మ ఇంట్లో లేనప్పుడల్లా దానిముందు నిలబడతాడు. ఆవిడ వస్తున్న చప్పుడైతే దుమ్ము దులుపుతున్నట్టు గుడ్డతో తుడుస్తాడు. రోజుకు నాలుగుసార్లు తుడుస్తాడు. అద్దం బిగించని బొమ్మ. తుడిచే చోటే రంగు లేస్తోంది. బొమ్మ ఎత్తున ఉంది, ఆయన చెయ్యి అందేది అందులో మనిషి నడుము దాకానే కనక, బొమ్మలో తుండుగుడ్డ ఇప్పటికే సగం వెలిసిపోయింది.

పరువు పోకుండా, నచ్చిందని పెళ్ళానికి ఎలా ఒప్పుకోవాలో మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి వెంటనే చెప్పండి బాబూ. మిగతా సగం కూడా పోయేలోపు.