కిలో లెక్కన గుర్రం

చిన్న వ్యాపారానికి సొంత వెబ్‌సైట్ ఉంటే కలిగే లాభాలు తమిళనాట కారమడైలో సందేహానికి తావు లేకుండా రుజువయ్యాయని మా తెలుగు వాణిజ్య వికాస సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈ సంగతి తెలుగు లోకానికి తెలియజేసే భారం నా మీద పెట్టారు. సంఘంలో తెలుగు చదవడం, రాయడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. రైల్వే ఉద్యోగం పుణ్యమా అని గుంతకల్లులో ఉన్నప్పుడు నేర్చుకున్నాను. మిగతావారంతా తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో మాత్రం తమిళమో ఇంగ్లీషో చదివారు. అక్షరాలు రావన్న మాటే గాని భాషాభిమానానికి ఏ లోటూ లేదు.

రుజువు కోసం ఎన్నుకున్న వ్యాపారం సెల్లాయిది. ఆమె ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. ఆ పిండిని ఇక్కడ తమిళులూ మనవాళ్లూ కూడా ‘మావు’ అంటారు. ఆమె అంగడి, ఆమె మాటల్లో కడై, పాత బస్టాపు ఎదురుగా ఉండేది. పనుల నుంచి తిరిగొచ్చే ఆడవాళ్లు బస్సు దిగి, మావు కొనుక్కుని ఇళ్లకు పోయేవాళ్లు. తర్వాత అక్కడ వంతెన వచ్చింది. బస్టాపు పోయింది, దాంతో అంగడీ పోయింది. సెల్లాయి వేరే సందులోకి మారింది గాని, ఎక్కడికి మారిందో పాత గిరాకీకి తెలియలేదు. మావు ఆగే సరుకు కాదు. రోజూ సగానికి సగం పులిసి కాలవ పాలవుతుంటే, ఆమె మొగుడు వేలుసామి గ్రైండర్ అమ్మేసి మేట్టుపాళయం కూరగాయల మండీలో మూటలు మోస్తానంటున్నాడు.

అలాంటి సమయంలో సంఘాధ్యక్షులు, నూలు మిల్లుల యజమాని సేతురామ గారు ఆమెను ఆదుకున్నారు. సెల్లాయి ఆయన ముందు నిలబడి, "కడై యాడుండాదో నలుగురికి తెలిస్తే చాలు అయ్యా, ఇంకేమీ వద్దు" అంది. ఇంత చిన్న కోరిక తీర్చడం సంఘం స్థాయికి తగదు గనుక ఆమెకు వెబ్‌సైట్ మంజూరు చేశారు. అది తెలుగులోనే ఉండాలని పట్టుబట్టింది కూడా ఆయనే. కొనేవాళ్లలో ఒక్కరికీ తెలుగు చదవడం రాదని నేను మనవి చేస్తే, "రాకపోతే నేర్చుకోవాల, అదే లాభం" అన్నారు. సెల్లాయి మావు మన జాతి గర్వం అని కూడా అన్నారు. వారింట్లో ఆ మావు వాడరు. సెల్లాయి వాళ్ల వీధి నుంచి వారింటికి పిండిగాని, నీళ్లుగాని పోయే ఆచారం లేదు. మెచ్చుకోవడానికి మాత్రం ఏ ఆచారమూ అడ్డు రాలేదు.

పని వారి అల్లుడు బాలమురళి చేతిలో పెట్టారు. అతను వచ్చి సెల్లాయి ముందు ఫోన్ పట్టుకున్నాడు. ఆమె చెప్పింది: "మావు రాత్రే రుబ్బి పెడతాము. తెల్లారేతలికి బాగా పొంగి ఉంటాది. పిల్లోళ్లకు కూడా ఏమీ సెయ్యదు. బోగిణి ఎత్తుకొని వస్తే సరి." ఫోన్ దాన్ని విని తెలుగులో రాసింది. కాస్త మెరుగులు దిద్దమని ఆ మాటలను హైదరాబాదులో ఒక పండితులకు పంపారు.

పండితులు మావు దగ్గర ఆగిపోయారు. నిఘంటువు తీస్తే గుర్రం అని ఉంది. ఉండడమేమిటి, పూర్వకవుల కాలం నుంచీ మావంటే గుర్రమే. ఆంధ్రదేశంలో నిఘంటువుల్లోనే మిగిలిన అచ్చతెనుగు మాట కారమడైలో కిలోల లెక్కన అమ్ముడుపోతోందని తెలిసి ఆయనకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ ఊపులో మెరుగులు దిద్దారు: "మా అశ్వములు రాత్రివేళ మర్దనము పొంది ఉషోదయమునకు ఉప్పొంగియుండును. బాలబాలికలకు సైతము హాని సేయవు. కొనగోరువారు పాత్రతో విచ్చేయవలెను." పాత్ర అనగా ఇచ్చట అర్హత అని కింద వివరణ కూడా ఇచ్చారు. ఆ తర్వాత ఇదే విషయం మీద ఒక వ్యాసం రాసి సన్మానం అందుకున్నారు.

ప్రారంభోత్సవం కల్యాణ మండపంలో జరిగింది. సెల్లాయికి మొదటి వరసలో కుర్చీ వేశారు. ఫొటో తీయడం అయ్యాక ఆ కుర్చీ ఇంకొకరికి అవసరం పడింది. సేతురామ గారు తెలుగు గొప్పతనం గురించి తమిళంలో అనర్గళంగా మాట్లాడారు. "మన పూర్వీకులు గుర్రాలు ఎక్కి వచ్చి ఈ సీమను ఏలారు. ఈ దినం సెల్లాయి నెట్ ఎక్కి లోకాన్ని ఏలబోతోంది. వెబ్‌సైట్ లేని వ్యాపారం వ్యాపారమే కాదు" అన్నారు. ఆ గుర్రాల వెనక గడ్డి మోస్తూ నడిచి వచ్చినవాళ్ల గురించి చెప్పడానికి సమయం చాలలేదు. బటన్ నొక్కగానే తెర మీద అధ్యక్షుల వారి ఫొటో, వారి సందేశం, వారి వంశచరిత్ర వచ్చాయి. అన్నిటికన్నా కింద ఒక తెల్ల గుర్రం పరుగెత్తింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"గుర్రం యాలప్పా?" అని సెల్లాయి బాలమురళిని అడిగింది.

"డిజైన్ అక్కా."

"కడై అడ్రస్ యాడ?"

అతను తెర పైభాగాన ఉన్న ఇంగ్లీషు అక్షరాల వరస చూపించాడు. "ఇదే అడ్రస్."

"ఇది వీధి పేరు మాదిరి లేదే అప్పా" అంది సెల్లాయి. ఆమెకు సాంకేతిక పరిజ్ఞానం లేదని అందరూ జాలిపడ్డారు. అశ్వమంటే గుర్రమని నేను అధ్యక్షుల వారి చెవిలో వేశాను. "నీకు చదవను వచ్చు. అర్థం చెప్పేదానికి పండితులుండారు" అని వారు సెలవిచ్చారు.

వెబ్‌సైట్ ఫలితం వెంటనే కనిపించింది. ఫోన్ నంబరు మాత్రం సరిగ్గానే వేశారు గనుక హైదరాబాదు నుంచి ఒక పెళ్లి ఏర్పాట్లాయన సెల్లాయికి ఫోన్ చేశాడు. వరుణ్ని ఊరేగించడానికి ఆయనకు గుర్రం కావాలి. నేను అంగడిలోనే ఉన్నాను.

"తెల్లదేనా అమ్మా?" అన్నాడాయన.

"తెల్లగానే ఉంటాది. బియ్యం, ఉద్దులు, అంతే. వేరే ఏమీ వేసేది లేదు."

మేత సంగతి చెబుతోందనుకున్నాడు కాబోలు, సంతోషించాడు. "పెళ్లంటే చాలాసేపు పడుతుంది. నిలబడుతుందా?"

"ఫ్రిజ్‌లో పెట్టండి సామీ, రెండు దినాలు నిలుస్తాది."

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత సంఘం మీద మోసం కేసు పెడతానని అధ్యక్షుల వారికే ఫోన్ చేశాడు.

అత్యవసర సమావేశం జరిగింది. ఆ ఒక్క మాట మారిస్తే పోతుందని నేనన్నాను. మారిస్తే సన్మానం వెనక్కి ఇవ్వాల్సి వస్తుందని పండితులు ఫోన్లో బాధపడ్డారు. పాస్‌వర్డ్ మరిచిపోయానని బాలమురళి చెప్పాడు. ఆవిష్కరణ జరిగిన వెబ్‌సైట్‌లో తప్పుందంటే ఆవిష్కరించినవారికి అవమానం గనుక సభ్యులు తీవ్రంగా ఆలోచించి తీర్మానం చేశారు: వెబ్‌సైట్‌లో తప్పేమీ లేదు. అంగడిలో సరుకు కొరత ఉంది. దాన్ని సంఘం తన ఖర్చుతో తీర్చాలి.

ఊటీలో టూరిస్టులను మోసి మోసి విశ్రాంతి తీసుకుంటున్న ముసలి ఆడగుర్రం ఒకటి దొరికింది. పేరు యువరాణి. దాన్ని వ్యాన్‌లో కొండ దించి, దండ వేసి సెల్లాయికి అప్పగించారు.

"నాకు గుర్రం ఏమిటికి అయ్యా? వంతెన కాడ ఒక బోర్డు పెడితే చాలునే."

"బోర్డులన్నీ పాతకాలం అమ్మా" అన్నారు సేతురామ గారు. గుర్రం ఏ కాలమో ఎవరూ అడగలేదు.

కానీ నిజం చెప్పాలి. యువరాణిని సందు మొదట్లో కట్టేశాక పిల్లలు చూడ్డానికి వచ్చారు. పిల్లల వెనక తల్లులు వచ్చారు. తల్లులు అంగడిని గుర్తుపట్టి, "ఇక్కడా ఉన్నావు సెల్లాయక్కా" అని గిన్నెలు తెచ్చుకున్నారు. ఊరంతా దాన్ని గుర్రం మావు కడై అన్నారు. పండితుల భాషలో అది గుర్రం గుర్రం కడై అవుతుంది. మావు మధ్యాహ్నానికే అయిపోయేది. వేలుసామి మూటల మాట ఎత్తడం మానేసి, మినప్పొట్టు నానబెట్టి యువరాణికి తినిపించడం మొదలుపెట్టాడు. సెల్లాయి నవ్వగా చూడటం నాకదే మొదలు.

ఈ విజయం చూసి సంఘం పొంగిపోయింది. ఇది పూర్తిగా వెబ్‌సైట్ మహిమేనని తేల్చింది. ఇంత గొప్ప రుజువు ఒక సందులో పడి ఉండటం బాగుండదని, పైగా గుర్రం సంఘం ఆస్తి అని, యువరాణిని తీసుకుపోయి సేతురామ గారి మిల్లు గేటు ముందు నిలబెట్టారు. తాళ్లు విప్పుతుంటే వేలుసామి అంగడి లోపలికి వెళ్లి గ్రైండర్ ఆన్ చేసుకున్నాడు, రుబ్బడానికి అందులో ఏమీ లేకపోయినా. సంఘం తరఫున నేను చప్పట్లు కొట్టాను.

గుర్రంతో పాటు అంగడి కూడా మారిందనుకుని జనం మిల్లు గేటు దాకా పోయి ఉత్త గిన్నెలతో తిరిగిపోతున్నారు. ఇప్పుడు మళ్లీ మావు పులుస్తోంది. ఈ నివేదిక రాస్తున్నానని మొన్న సెల్లాయికి చెప్పాను.

"తెలుగులోనా అణ్ణా? మావాళ్లకు చదవను రాదే. యారు చదువుతారు?"

"తెలుగు చదవడం వచ్చినవాళ్లు చదువుతారు."

"వాళ్లు వచ్చి మావు కొంటారా?"

"కొనరు. మెచ్చుకుంటారు."

"పెసిడెంట్ అయ్య మాదిరి" అంది. కొంచెంసేపు గిన్నె కడుక్కుంటూ ఉండి, "దాంట్లోనన్నా అడ్రస్ వెయ్యి అణ్ణా" అంది.

వేస్తున్నాను. కారమడైలో వంతెన దిగగానే ఎడమ చేతి సందు, మూసేసిన రైస్‌మిల్లు గోడ వెనక, నీలం తలుపు. సెల్లాయి కష్టమంతా ఈ ఒక్క ముక్క నలుగురికీ తెలియకపోవడమేనని నేను మొదట్లోనే చెప్పాను. మీరు ఇంతసేపూ చదివారు, నడుమ నడుమ నవ్వారు కూడా. అంగడి ఎక్కడుందని మాత్రం అడగలేదు.