పదకొండో అంశం: పాట

పాడితే రక్తపోటు తగ్గుతుందనీ, ఊపిరితిత్తులు విచ్చుకుంటాయనీ, దిగులు దూరమవుతుందనీ ప్రజలకు తెలియజేయడానికి మా గుడివాడలో గానారోగ్య సమితి ఏర్పడిందని ప్రకటించడానికి సంతోషిస్తున్నాం.

దీనికి మూలం సరోజిని గారి బీపీ. డాక్టర్ గిరీష్ మాత్రలతో పాటు రోజూ పది నిమిషాలు పాడమని కూడా రాశాడు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆవిడ పాడింది వంటింట్లో, అదీ మిక్సీ తిరిగేటప్పుడు. భర్త ధనుంజయరావు గారు రైసుమిల్లు యజమాని, మర్యాదస్తుడు. ఇల్లాలు ఊరికే పాడితే ఊరేమనుకుంటుంది? అదే ఒక సమితి పెట్టి, దానికి తాను అధ్యక్షుడై, సభ చేసి పాడిస్తే గౌరవం. భార్య ఆరోగ్యం కోసం అధ్యక్ష పదవికైనా సిద్ధపడే మగవాళ్లు మా డెల్టాలోనే పుడతారు.

నలుగురి ముందు ఒక్క పాట పూర్తిగా పాడాలని ఆవిడకు పదిహేనో ఏటి నుంచీ కోరిక. నలభై రోజులు సాధన చేశారు. ఆహ్వానపత్రికలో పదకొండో అంశంగా ‘పాట, ఐదు నిమిషాలు’ అని అచ్చయితే, ఆ అక్షరాలు తడిమి చూసుకుని మురిసిపోయారు.

సభ పదింటికన్నారు గనక పదకొండున్నరకే మొదలైంది. వేదిక మీద పదముగ్గురు కూర్చున్నారు. చోటు చాలక డాక్టరును కింద కూర్చోబెట్టారు. ప్రార్థన సెల్‌ఫోన్లో వేశారు. బందరు నుంచి వచ్చిన నాగభూషణరావు గారు గానంలో శ్వాస ప్రాముఖ్యం గురించి, శ్వాస తీసుకోకుండా నలభై నిమిషాలు మాట్లాడారు. స్నానాల గదిలో పాడటం మొదలెట్టాక తన షుగరు అదుపులోకి వచ్చిందని మరో వక్త ప్రకటించారు. సమయాభావం వల్ల ఒకటి పాడమని ఆయన్ని ఎవరూ అడగలేదు. తర్వాత ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. మే నెల కావడంతో ఇద్దరికి కళ్లు తిరిగాయి. అప్పుడు డాక్టరు పనికొచ్చాడు.

రెండున్నరకు సరోజిని గారు మైకు ముందుకొచ్చారు. అప్పుడే భోజనాలు సిద్ధమని కబురందింది. ఆవిడ పల్లవి అందుకునేసరికి హాల్లో మిగిలింది కుర్చీలూ, అవనిగడ్డ నుంచి మైకుసెట్టు తెచ్చిన మార్కూ.

ఆవిడ ఆగిపోయారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“పాడండమ్మా, నేనున్నాగా. వాళ్లకీ వినపడేటట్టు చేస్తాను” అని మార్కు ఉన్న ఒక్క స్పీకరునూ భోజనాల షెడ్డు వైపు తిప్పాడు.

ఆవిడ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. గొంతు కాసేపు వణికి, తర్వాత నిలబడింది. షెడ్డులో ధనుంజయరావు గారు ఇదంతా మా ఆవిడ ఆరోగ్యం కోసమేనండీ అని అందరికీ చెబుతూ, పప్పులో నెయ్యి వేయించుకుంటున్నారు. ఆ మాటలు మాకు సరిగా వినపడలేదు.

“ఆ రికార్డు కట్టెయ్యండయ్యా, ఒక్క ముక్కా వినపడట్లేదు” అని కేకేసింది నేనే, ఒప్పుకుంటున్నాను.

మైకు లేకుండానే ఆవిడ చరణాలన్నీ పూర్తిచేశారని మార్కు తర్వాత చెప్పాడు. మీరు నవ్వుతున్నారు గానీ, విస్తరి ముందు నుంచి లేచి వెళ్లి, ఆ స్పీకరు తీగ పీకి వచ్చి, మళ్లీ నా పక్కన కూర్చుంది మీరే.