షికారుకెళ్లిన పిండి

ఆ శనివారం పొద్దున మలీన కాళ్లు నేల మీద ఆనడం లేదు. అత్తగారు ఇంగలీస పుట్టినరోజుకి వెన్నతో చేసే పొరల పేస్ట్రీలు కొనకుండా, మొట్టమొదటిసారి తానే ఇంట్లో చేస్తోంది. "ఇంట్లో పొరలు విడవ్వమ్మాయ్. జన్మంతా బేకరీలో చేసినదాన్ని, నాకు తెలీదా?" అని ఆవిడ ముందే తేల్చేసింది. ఇవాళ ఆ నోటితోనే బావుందనిపించాలని మలీన పంతం.

పిండిలో వెన్న పెట్టి మడిచింది. ఇక అది గట్టిపడేదాకా చల్లగా ఉండాలి. ఫ్రిజ్ నిండా విందు కోసం తెచ్చిన చేపలూ బీరు సీసాలూ. బయట గడ్డకట్టే చలి ఉంది గానీ, కనిపించినదల్లా తన్నుకుపోయే సముద్రపు పక్షులూ ఉన్నాయి. వాకిట్లో పసివాడు ఆస్గర్‌ను పడుకోబెట్టి తోసే బండి ఖాళీగా ఉంది. ఆ దేశపు పసిపిల్లలందరిలాగే వాడూ రోజూ ఆ చలిలో అందులోనే నిద్రపోతాడు. ఇవాళ జలుబు చేసి లోపల నాన్న పక్కన పడుకున్నాడు. మలీన పిండిని గుడ్డలో చుట్టి, బండిలో పడుకోబెట్టి, పలచని దుప్పటీ, దాని మీద పక్షులకు అడ్డంగా వలా కప్పింది. తన తెలివికి తనే మురిసిపోయింది.

కాసేపటికి వచ్చి చూస్తే బండి లేదు.

"అయ్యో, నా బండి! ఎవరో ఎత్తుకుపోయారు!"

పక్కింటి ప్రేబెన్ కంచె మీంచి తొంగిచూశాడు. "బాబు బండేనా?"

"అదే! ఏ వెచ్చని ఇంట్లోనో పెడితే వెన్న కరిగిపోతుంది! పొరలన్నీ పోతాయి!" అంటూ మలీన పిండి చేతులతోనే సైకిలెక్కింది.

పాపం, బండితో పాటు బిడ్డా పోయిన దిగులుతో మతి చలించిందనుకున్నాడు ప్రేబెన్. పోలీసులకు ఫోన్ చేసి, వీధిలో తలుపులన్నీ బాదాడు. చూస్తుండగానే సైకిళ్ల దండు రేవు వైపు కదిలింది. వెనక్కి తిరిగి చూసిన మలీనకు, తన పిండి కోసం ఇంతమందా అని కళ్లు చెమర్చాయి.

రేవు గట్టున ఇంగలీస బండిని మెల్లగా తోస్తోంది. పెందలాడే వచ్చి, వాకిట్లో బండి చూసి, కోడలికి కాస్త తీరిక దొరుకుతుందని తీసుకొచ్చిందట. చుట్టూ చేరిన ముసలమ్మలతో, "ఎంత బుద్ధిమంతుడో! ఇంతసేపూ కిక్కురుమంటే ఒట్టు," అంటోంది.

పోలీసమ్మాయి అడ్డొచ్చి వల తీసి, గుడ్డ విప్పింది. ఒక ముసలమ్మ కెవ్వుమంది.

"మరి బాబేడీ?" అంది పోలీసమ్మాయి.

"ఇంట్లో వాళ్ల నాన్న దగ్గర నిద్రపోతున్నాడండీ." మలీనకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

"పిండి కోసమా తల్లీ, నన్ను పైజమాతో పరుగెత్తించావు!" అని ప్రేబెన్ నెత్తి కొట్టుకున్నాడు.

ఇంగలీస ఇవేవీ వినడం లేదు. పిండిని వేలితో నొక్కింది. వంగి అంచు చూసింది.

"వెన్న గట్టిగానే ఉంది. పొరలు కూడా వరసగా..." ఆవిడ తలెత్తి గట్టిగా కసిరింది. "ఏమిటలా గుడ్లప్పగించి చూస్తారు? జరగండి! దీనికి ఎండ తగుల్తోంది!"

బండితో ఇంటిదాకా ఒకటే పరుగు. వెనకాలే సైకిళ్ల దండు.

పేస్ట్రీలు బంగారు రంగులో పొంగి, పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. పోలీసమ్మాయితో సహా వీధంతా వంటింట్లో నిలబడే తినేసింది.

"చూశారా, ఇంట్లో చేస్తేనే పొరలొచ్చేది," అంది ఇంగలీస అందరితో. "బావుందమ్మాయ్. కాకపోతే చల్లగాలికి తిప్పుకొచ్చింది మాత్రం నేను."

మలీన ఆనందం పట్టలేక అత్తగారిని గట్టిగా వాటేసుకుంది.

మనవడు ఏడని ఆవిడ అడిగింది మూడో పేస్ట్రీ తిన్నాకే.