ఎదురింటి టీ

పొద్దున్న ఐదున్నరకి పూర్ణచంద్రరావు చేతిలో చిన్న గిన్నె పట్టుకుని, తన ఇంటి తలుపు వెనకాల ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తలుపుకున్న అద్దపు కన్నంలోంచి ఎదురింటి తలుపుని గుచ్చిగుచ్చి చూస్తున్నాడు.

ఆ తలుపు వెనక ఉండేది అబ్దుల్ రవూఫ్ గారు. ఆయనకి గవర్నర్‌పేటలో కళ్ళజోళ్ళ షాపుంది. ఈ గుణదల అపార్ట్‌మెంటులో పదకొండేళ్ళుగా ఇద్దరివీ ఎదురెదురు ఫ్లాట్లు. అందులో పదేళ్ళ పదకొండు నెలలు రవూఫ్ గారంటే పూర్ణచంద్రరావుకి ప్రాణం. ఈ ఒక్క నెలే ఆ పేరు వింటే ఒళ్ళు మండుతోంది.

దానికి కారణం టీ. ఆ టీ సంగతి చెప్పాలంటే ముందు కుర్చీ సంగతి చెప్పాలి.

పూర్ణచంద్రరావు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్ళుగా లెక్కలు చెబుతున్నాడు. ప్రిన్సిపాల్ రిటైరైతే ఆ కుర్చీ ఈయనదేనని కాలేజీ గోడలక్కూడా తెలుసు. తెలియనిది ఒక్క యాజమాన్యానికే. వాళ్ళు తీసుకెళ్ళి ప్రద్యుమ్నకి ఇచ్చారు. ఆ ప్రద్యుమ్న ఒకప్పుడు ఈయన క్లాసులోనే మూడో బెంచీలో కూర్చుని, త్రికోణమితి ఎక్కక కళ్ళనీళ్ళు పెట్టుకున్న కుర్రాడు.

పేరుకే పూర్ణచంద్రుడు గానీ, ఆ తర్వాత రెండు నెలలు ఆ ఇంట్లో అమావాస్యే.

"ఆ కుర్చీ గుండ్రంగా తిరుగుతుందిటే ఇందిరా!" అనేవాడు అన్నం కలుపుతూ.

"తిరగనివ్వండి. కళ్ళు తిరిగేది అతనికేగా," అనేది ఇందిరాదేవి.

ఆ మాటకి నవ్వు రాకపోగా ముద్ద దిగేది కాదు. నిద్రలో "మూడో బెంచీ!" అని కలవరించేవాడు. బీపీ మాత్ర ఒకటి రెండయింది. చివరికి ఒకరోజు రాజీనామా పత్రం రాసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ప్రద్యుమ్న ఒక్క మాట ఎక్కువ మాట్లాడితే చాలు, ఆ కాగితం మొహాన కొట్టి వచ్చేస్తానన్నాడు. రిటైర్మెంటు ఇంకా మూడేళ్ళుంది.

"మానేసి ఏం చేస్తారండీ?"

"ఇంట్లో కూర్చుంటాను."

ఈ మనిషి రోజుకి రెండు గంటలు ఇంట్లో కూర్చుంటేనే ఇల్లు ఇలా ఉంది. ఇక ఇరవైనాలుగు గంటలూ కూర్చుంటే ఏమౌతాడోనని ఇందిరాదేవికి నిజంగానే భయమేసింది. ఆ జేబువంక పాము పుట్టని చూసినట్టు చూసేది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం చిక్కుడుకాయలు వొలుస్తూ ఆవిడ ఒక మాట అంది.

"రవూఫ్ గారు రోజూ ఐదున్నరకే లేచి, సాలేహా గారికి టీ పెట్టి మంచం దగ్గరికి తెచ్చి ఇస్తారటండీ." అని నిట్టూర్చింది.

ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ నిట్టూర్పులు ఆయన చాలానే విన్నాడు. పరాయి మగాడి టీ గురించి మాత్రం ఇదే మొదటిది. అది వెళ్ళి సరిగ్గా గుండెల్లో దిగింది.

"టీ పెట్టడం ఏమన్నా బ్రహ్మవిద్యా?"

"విద్య ఎందుకులెండి. మనసుంటే చాలు."

మర్నాడు ఐదున్నరకి ఇందిరాదేవి మంచం దగ్గరికి టీ వచ్చింది. అందులో చెంచా వేస్తే నిలబడింది. ఆవిడ గుక్క తాగి, నాలిక మీది ఆకుల్ని ఒక్కొక్కటే తీసుకుంటూ, "బావుందండీ. రవూఫ్ గారు వడకడతారట," అంది.

ఇక అక్కణ్ణించి రోజుకో 'రవూఫ్ గారు'. ఆయన కూరలు తరుగుతారట అనేసరికి ఈయన కత్తి పట్టాడు. గుత్తి వంకాయకి నాలుగు పక్షాలు చెయ్యమంటే, లెక్కల మాస్టారు కదా, ఒక్కొక్క కాయనీ నాలుగు సమాన భాగాలుగా విడగొట్టి పళ్ళెంలో పేర్చాడు.

"రవూఫ్ గారు తొడిమ దగ్గర వదిలేస్తారటండీ."

"ఆయన కళ్ళజోళ్ళు అమ్ముతాడా, వంకాయలు అమ్ముతాడా?"

ఆయన బట్టలు ఉతుకుతారట అనేసరికి ఈయన వాషింగ్ మెషిన్ మీద పడ్డాడు. చేతికందినవన్నీ తోసి తిప్పాడు. తీసి చూస్తే బనియన్లన్నిటికీ తెల్లటి పొక్కులు.

"ఇదేంటే, సబ్బు విరిగిందా?"

ఇందిరాదేవి ఆ పొక్కుల్ని గిల్లి చూసింది. ఆ ఒక్కరోజు మాత్రం రవూఫ్ గారి ఊసెత్తలేదు. నవ్వాపుకుంటూ బనియన్లు దులిపి ఆరేసింది.

అవతల కాలేజీలో స్టాఫ్ మీటింగు. ప్రద్యుమ్న కుర్చీలో గిర్రున తిరుగుతూ ఏదో చెబుతున్నాడు. పూర్ణచంద్రరావు మాత్రం అల్లం ముందు వెయ్యాలా, పాలు పొంగాక వెయ్యాలా అని ఆలోచిస్తున్నాడు.

నెల తిరిగేసరికి ఆయనకి అనుమానం వచ్చింది. ఇన్ని మంచి గుణాలు ఒక్క మొగుడిలో ఉండటం గణితశాస్త్రం ప్రకారం అసాధ్యం. దూరపు కొండలు నునుపు, దగ్గరికెళ్ళి చూడాల్సిందే. పొద్దున్నే చెప్పాపెట్టకుండా పోయి, రవూఫ్ గారు ముసుగుతన్ని నిద్రపోతుండగా పట్టుకోవాలి. వెళ్ళడానికి ఓ సాకు కావాలి కాబట్టి, పెరుగు తోడుకోసమని ఈ గిన్నె.

ఎదురింటి బెల్లు కొట్టాడు. తలుపు తెరుచుకుంది.

ఎదురుగా రవూఫ్ గారు. లుంగీ, భుజం మీద తుండు, ఒక చేతిలో టీ వడకట్టు, ఇంకో చేతిలో సగం తరిగిన దొండకాయ. పూర్ణచంద్రరావు ప్రాణం ఉసూరుమంది.

"కాస్త... తోడుంటే..."

రవూఫ్ గారు ఆ గిన్నె వంక చూశారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"పెరుగు కూడా మీరే తోడేస్తున్నారా మాస్టారూ? మీకు దణ్ణం పెడతాను, ఇది మాత్రం మా సాలేహాకి తెలియనివ్వకండి!"

"ఏమిటి?"

"మీరు ఇందిరా గారికి టీ మంచం దగ్గరికి తెస్తారట. వంకాయలు కొలిచి కోస్తారట. నెల్రోజుల్నుంచి మా ఇంట్లో మీ భజనేనండీ. నా నడుం పోయింది!"

"మీరు పెడుతున్నారనే కదయ్యా నేను మొదలెట్టింది!"

ఇద్దరూ మెట్లమీద కూలబడ్డారు. రవూఫ్ గారి గోడూ అలాంటిదే. తమ్ముడు జాహిద్ వాటా తీసుకుని విడిపోయి, బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ షోరూం తెరిచాడు. బయట ఏడడుగుల కళ్ళజోడు బొమ్మ. అన్నగారు రోజూ పనిగట్టుకుని ఆటోలో ఆ దారినే పోయి, లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుని వచ్చి, భోజనం మానేసి పడుకునేవారు.

"ఇప్పుడు?"

"ఎక్కడండీ, రైతుబజారుకి టైమైపోతుంటే!"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి విషయం బోధపడింది. రెండు వంటిళ్ళూ ఏకమై ఇద్దరు మగాళ్ళకీ ఒకరి మీద ఒకరికి కుళ్ళు పుట్టించాయన్నమాట!

"రేపు టీ బంద్," అన్నాడు పూర్ణచంద్రరావు. "ఇద్దరం లేవద్దు. ఏం చేస్తారో చూద్దాం. మాట తప్పితే మనిషి కాదు."

"కాదంటే కాదు," అని రవూఫ్ గారు చెయ్యి కలిపారు.

ఇంట్లోకి రాగానే, తలుపు వెనకాలే నిలబడి ఉన్న ఇందిరాదేవి గిన్నె చూసి, "పొద్దున్నే తోడు ఎవరడుగుతారండీ? పెరుగు తోడుపెట్టేది రాత్రి కదా," అంది. ఆయన గిన్నె వెనక్కి దాచాడు. ఆవిడ ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. ఆ ఫోనే ప్రమాదమని ఆయనకి తట్టలేదు.

మర్నాడు ఐదున్నరకి అలవాటు ప్రకారం మెలకువ వచ్చింది. పక్కన ఇందిరాదేవి గుర్రు పెడుతోంది. దుప్పటి లాక్కుని కళ్ళు మూసుకున్నాడు. ఒక్క నిమిషం గడిచింది. ఆ రవూఫ్ మాట మీద ఉంటాడా? ఉంటే ఈపాటికి వాళ్ళ వంటిల్లు చీకటిగా ఉండాలి. ఒక్కసారి చూసి వచ్చేద్దాం.

రెండు ఇళ్ళ వంటింటి కిటికీలూ ఎదురెదురు. మసక అద్దాలు కాబట్టి మనిషి కనపడడు గానీ వెలుగు కనపడుతుంది. ఎదురింటి కిటికీ పట్టపగల్లా వెలుగుతోంది.

"నమ్మకద్రోహి!"

కుళ్ళు నెత్తికెక్కింది. ఒక్క ఉదుటున పొయ్యి వెలిగించి, పాలు పెట్టి, అల్లం దంచి, కోపం పట్టలేక కిటికీ తలుపు తోశాడు. సరిగ్గా అప్పుడే ఎదురు కిటికీ కూడా తెరుచుకుంది.

"మాట తప్పారు మాస్టారూ!"

"నేనా? మీ లైటు చూసే కదా నేను పొయ్యి వెలిగించాను!"

"అయ్యో, మీ లైటు చూసే కదండీ నేను లేచింది!"

ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని తలెత్తి ఎవరి లైటు వాళ్ళు చూసుకున్నారు. పూర్ణచంద్రరావుకి గుర్తొచ్చింది. తను వంటింట్లోకి వచ్చేసరికే లైటు వెలుగుతోంది. స్విచ్చి తను వెయ్యలేదు.

వెనక గుమ్మానికి చేరగిలబడి ఇందిరాదేవి. ఎదురింట్లో రవూఫ్ గారి భుజం మీంచి సాలేహా తల.

"రెండు పొయ్యిల మీదా పాలు పొంగుతున్నాయి, ముందు అవి చూసుకోండి," అంది సాలేహా.

పూర్ణచంద్రరావుకి రోషం పొడుచుకొచ్చింది. "మొగుణ్ణి ఇంత మోసం చేస్తావా?"

"మోసమెందుకండీ? మీ కుళ్ళు పోయేది కాదని నాకు తెలుసు. అది కుర్చీ మీద ఉంటే మీకు బీపీ వస్తోంది. టీ మీద ఉంటే నాకు టీ వస్తోంది. అందుకని ఇటు తిప్పాను."

"చాలు! ఇంట్లోనూ పరువు లేదు, కాలేజీలోనూ పరువు లేదు. ఇవాళే రాజీనామా ఇచ్చేస్తాను!" అని చిలక్కొయ్యకున్న చొక్కా అందుకుని జేబులో చెయ్యి పెట్టాడు. జేబు ఖాళీ. ఇంకో చొక్కా చూశాడు. అందులోనూ లేదు.

"నా కాగితం ఏదే?"

"మీరే ఉతికేశారుగా. బనియన్లకి అంటుకున్న పొక్కులన్నీ అవే," అంది ఇందిరాదేవి. తర్వాత నెమ్మదిగా, "పది రోజులైందండీ. ఒక్కసారైనా జేబు తడుముకున్నారా?"

పూర్ణచంద్రరావు పది రోజుల్నీ లెక్కపెట్టుకున్నాడు. నిజమే, తడుముకోలేదు. మూడో బెంచీ కూడా గుర్తుకు రాలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు అడుగున ఎక్కడో, చాలాకాలం తర్వాత, హాయిగా కూడా అనిపించింది. టీ వడకట్టి ఆవిడ చేతికిచ్చి, పక్కనే నిలబడ్డాడు.

ఆవిడ గుక్క తాగింది. "బావుంది," అంది.

ఆయన ఎదురు కిటికీ వంక ఓరగా చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంతకీ... వాళ్ళ దాంట్లో యాలకులు కూడా వేస్తారా?"

"వేస్తారట."

పూర్ణచంద్రరావు స్టూలు లాక్కుని పైఅరలో యాలకుల డబ్బా వెతకడం మొదలెట్టాడు.